మోకరించని పిల్ల

"చూశావా, లేవనైనా లేదు. పెద్దదాన్ని వస్తే మోకాళ్లు వంచి పలకరించాలని ఎవరూ నేర్పలేదు కాబోలు," గదులిచ్చే బల్ల దగ్గరి పిల్లను చూస్తూ చక్రాల కుర్చీలోంచి గొణిగింది మొరౌంకే.

"మెల్లగా అమ్మా, వింటుంది," అంది కూతురు తితిలాయో.

బడాగ్రీ తీరంలో ఇది మూడో రిసార్టు. మొదటి రెండిట్లోనూ అన్నీ వీలుగా ఉంటాయనే చెప్పారు. తీరా చూస్తే ఒకచోట గది ముందు మెట్లు, ఇంకోచోట కుర్చీ పట్టని స్నానాల గది.

"మా దగ్గర ఇబ్బందేం ఉండదమ్మా," బల్ల వెనక కూర్చున్నచోటు నుంచే తల వంచి చెప్పింది ఆ పిల్ల.

"అందరూ అనేదే. పెద్దాచిన్నా తెలీని దాని మాట నమ్మి ఇసకలో కూరుకుపోనా? పదవే, పోదాం."

"నాలుగో గది మాత్రం వద్దమ్మా," అంది ఆ పిల్ల. " స్నానాల గది తలుపు ఇరుకు, చేతులు గీసుకుపోతాయి."

మొరౌంకే కళ్లు చిట్లించింది. "నువ్వేమైనా కొలిచావా?"

"నా చేతులు గీసుకుపోయాయి."

బల్ల పక్కనుంచి ఆ పిల్ల తన చక్రాల కుర్చీ తోసుకుంటూ ఇవతలికొచ్చింది. "రండి, ఆరో గది చూపిస్తాను."

తితిలాయో తల్లి కుర్చీని నెట్టబోయింది.

"వదులు," అంది మొరౌంకే, చక్రాల మీద చేతులు వేస్తూ. "ఆ పిల్ల వెనకాలే నేనే వెళ్తాను."