కలిసొచ్చిన గది

“ఎవరో ఆవిడ మెట్లెక్కి వస్తోందండీ. ఏం చెప్పమంటారు?” ఫోన్లో గుసగుసగా అడిగాడు దర్జీ.

“ఎన్నిసార్లు చెప్పాలయ్యా? వచ్చినవాళ్లని నోరు తెరవనివ్వకు. కలిసొచ్చిన గదని నువ్వే మొదలెట్టు,” అన్నాడు బ్రోకరు. “వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు. గది అద్దెకివ్వడానికి అందులో సగం చాలు.”

దర్జీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి మిషను తొక్కి కూడబెట్టినదానికి బ్యాంకు అప్పు కలిపి ఈ ఒక్క గది కొన్నాడు. పాత ఓనరు తొందరపడి చవగ్గా అమ్మేస్తే తన పంట పండిందనుకున్నాడు. రంగులు వేయించాడు, కొళాయి మార్పించాడు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా బాగుందనేవారు. కిందికి దిగి ఇరుగుపొరుగుతో రెండు మాటలు మాట్లాడాక మళ్లీ కనిపించేవారు కాదు. గది ఖాళీగా ఉందని బ్యాంకువాళ్లు ఊరుకోరు కదా. ఈసారి కూడా బేరం తప్పితే మిషను అమ్ముకోవాల్సిందే. ఆ సంగతి భార్యకింకా చెప్పలేదు.

యాభై దాటిన ఆవిడ ఆయాసపడుతూ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

“బాబూ, నేను...”

“రండమ్మా, రండి! ఇది మహా కలిసొచ్చిన గది. మీకు ముందు ఇక్కడున్న అమ్మాయికి ఏడాది తిరక్కుండా పెళ్లి కుదిరింది!”

ఉద్యోగం చేసుకునే పిల్ల ఒకతె ఉండి ఖాళీ చేసిందని మాత్రమే బ్రోకరు చెప్పాడు. పెళ్లి దర్జీ సొంత కుట్టు.

ఆవిడ తలుపు పట్టుకుంది. “పెళ్లా? నువ్వు వెళ్లావా బాబూ?”

వెళ్లలేదంటే కథ అక్కడే తెగిపోతుంది. “వెళ్లకపోతే ఊరుకుంటుందా? పెళ్లి జాకెట్టు కుట్టిందే నేను!”

“ఏం రంగు?”

“గులాబీ. చేతులకి జరీ అంచు.”

“చామనఛాయకి గులాబీ నప్పుతుందా?”

“నప్పడమేమిటండీ, వెలిగిపోయింది! పెళ్లికొడుకు చూపు తిప్పుకోలేదంటే నమ్మండి.”

ఆవిడ నవ్వింది. మెల్లగా లోపలికొచ్చి గోడలు తడిమి చూసింది.

“మంచం ఎటువైపు వేసుకునేదో?”

“ఇదిగో, కిటికీ పక్కన. పొద్దున్నే ఎండ పడుతుందని.”

ఆవిడ వెళ్లి సరిగ్గా అక్కడే నేలమీద చతికిలబడింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తన మంచం ఎక్కడ పడుతుందో చూసుకుంటోంది, ఇక బేరం కుదిరినట్టే అనుకున్నాడు దర్జీ. ఎన్నాళ్లకో గుండె తేలికపడింది. సాయంత్రం వెళ్లి భార్యకి అన్నీ చెప్పెయ్యొచ్చు.

“వెళ్లేటప్పుడు ఎలా వెళ్లింది బాబూ? ఏడ్చిందా?”

“ఏడవడమా! నవ్వుతూ వెళ్లింది. ఈ గదిని మర్చిపోలేనంది.”

“ఇంకోసారి చెప్పు బాబూ.”

“నవ్వుతూనే వెళ్లిందమ్మా,” అన్నాడు దర్జీ. ఆవిడ ధోరణి కొంచెం వింతగానే ఉంది. అయినా ఇంటికొచ్చిన బేరాన్ని ఎవరు కాదనుకుంటారు? “సరే, ఇంతకీ గదిలోకి ఎప్పుడు దిగుతారు?”

“నాకు గది వద్దు బాబూ. ఎప్పుడూ చూళ్లేదు, ఒక్కసారి చూసి పోదామని వచ్చాను. ఆ మాటే చెప్పబోతుంటే నువ్వు పెళ్లి కబురెత్తావు. వినాలనిపించింది.”

దర్జీకి ఒళ్లు మండిపోయింది. “పనీపాటా లేదనుకున్నారా నాకు? ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల పెళ్లి సంగతి మీకెందుకమ్మా?”

ఆవిడ గోడ పట్టుకుని లేచింది.

“అది నా కూతురు బాబూ, ఈ గదిలోనే చచ్చిపోయింది.”