టాంగోలో ఆడవేషం

నా ప్రేమకథల్లో ప్రాణం లేదంటూ సంపాదకుడు మూడోసారి తిప్పి పంపాడు. తప్పు నాది కాదు, ప్రేరణది. అందుకని ఎం.వి.పి. కాలనీలో టాంగో క్లాసులో చేరాను. ఆడా మగా జంటగా చేసే నాట్యమట. చూస్తే పన్నెండు మందిమీ మగాళ్లమే.

నాకు జోడీగా తాతబాబు దొరికాడు. పోర్టులో టగ్గు పడవ నడుపుతాడు. మోకాళ్లకి వ్యాయామం కావాలని డాక్టరు చెబితే వచ్చాడు. పెద్ద పెద్ద ఓడల్ని తోసే మనిషి కనక, వెనక్కి నడిచే ఆడవేషం నాకు పడింది.

మంచిదే అనుకున్నాను. నా కథానాయికల్లాగే కళ్లు మూసుకుని, నన్ను నేను అతనికి అర్పించుకున్నాను.

ఓడని జెట్టీకి చేర్చినంత జాగ్రత్తగా తాతబాబు నన్ను స్తంభానికి చేర్చాడు.

"కళ్లు మూసుకున్నావేటి బావా? ఎదర నువ్వే అడ్డంగా ఉంటే నాకేటి కనిపిత్తాది?" అన్నాడు.

ఇంటికొచ్చాక పుష్ప నా తల వెనక బొప్పికి ఐసుముక్క అద్దింది. నా భార్యే గానీ, నా కథ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. అయినా ఓపిగ్గా, కళ్లు మూసుకుని వెనక్కి నడవడంలో ఉన్న ప్రేమ గురించి వివరించాను.

అంతా విని, "మీ కతల్లో ఆడోలందరూ ఇరవై ఏళ్లనించీ అలాగే నడుత్తన్నారు కదండీ," అంది. "ఒక్కరికైనా దెబ్బ తగులుతాదేమోనని అన్నీ ఆకరిదాకా సదివేను. ఇప్పటికి తగిలింది."