పెద్ద బండ్లు వస్తున్నయ్

నల్లగుట్టలో పొద్దున్నుంచి కరెంటు లేదు. ఊరి అణు రియాక్టరులో పదేళ్ల కిందట ఫ్యాక్టరీలోనే నింపి పంపిన ఇంధనం అయిపోయింది, కొత్తది ఈ రోజే వస్తోంది. ఆసుపత్రి ఒక్కటే బ్యాటరీల మీద నడుస్తోంది. ఇంధనం తెచ్చే మొదటి బండికి కొబ్బరికాయ కొట్టడం ఆ బొగ్గుబావుల ఊరి ఆనవాయితీ. ఆ పని రాజమల్లుకు అప్పగించారు. ముప్పై ఏళ్లు బొగ్గు రైళ్లు నడిపిన మనిషి మరి. "ఈ తెల్లపంచెకు మసి పూసుకొస్తే ఊకోను" అని భార్య మల్లవ్వ ముందే హెచ్చరించి పంపింది.

లారీల బారు వస్తుందని రాజమల్లు రోడ్డంతా ఖాళీ చేయించాడు. ఎదురొచ్చిన చిన్న వ్యానును పక్కన పెట్టించాడు. డ్రైవరమ్మ ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"జర ఆగు బిడ్డా, పెద్ద బండ్లు వస్తున్నయ్."

గంట గడిచింది. జనం చెమటలు కక్కుతూ అట్టముక్కలతో విసురుకుంటున్నారు. చివరికి డ్రైవరమ్మే దిగి వచ్చింది.

"పెద్ద బండ్లు లేవు తాతా. ఇంధనం నా బండిలనే ఉన్నది."

"ఇంత చిన్న బండిలనా? ఎన్ని దినాలకు?"

"పదేండ్లకు."

రాజమల్లు ఆ చిన్న వ్యానును తేరిపార చూశాడు. తను రోజూ యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు కరెంటు ప్లాంటుకు తెచ్చి పోసినా, తెల్లారేసరికి ఆ కుప్ప కరిగిపోయేది.

కొబ్బరికాయ కొట్టి, వ్యానును ఎడ్లను నిమిరినట్టు ఆప్యాయంగా నిమిరాడు. అలవాటుగా అరచెయ్యి పంచెకు తుడుచుకోబోయి, మల్లవ్వ గుర్తొచ్చి ఆగిపోయాడు. చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మసేది బిడ్డా?" అన్నాడు.