ఫాస్ట్‌ట్రాక్ కోర్టు ఖర్చు

జమ్మలమడుగు ఫాస్ట్‌ట్రాక్ కోర్టుకు సర్కారు పెట్టిన ఖర్చంతా కరపత్రమేసి, గేటుకాడ చదివి వినిపిస్తాండా. బిల్డింగు, జడ్జీల కార్లు, పోలీసు కాపలా.

అప్పుడే ముద్దాయిల జీపులోంచి రూతమ్మ దిగింది. ఆమె కొడుకు హత్యకు ఆమె ఒక్కతే సాక్షి.

"కొడుకును చంపినోళ్ల జీపెక్కినావా, పెద్దమ్మా!" అని అరిచినా.

"మా ఊరికి బస్సు యాడుందప్పా? నీ కాగితంలో ఇన్ని కార్లుండాయే, సాక్షికొకటుందా?"

లేదు. సాక్షికి సర్కారు ఒక్క రూపాయీ పెట్టలేదు.

"లోపల నిజం చెప్తావా?"

"చెప్పి, మళ్లీ ఆ జీపులోనే ఇంటికి పోవాల్నా?"

"నా సైకిలుంది. నేను దించుతా!"

"అయితే చెప్తా" అని లోపలికి పోయింది.

జీపులోవాళ్లు ఆమెను వదిలేసి నన్ను చూడబట్టినారు.