సాంబమూర్తి గారి తిట్లు

ఈ రోజు ఆయన తిట్టాలి. గట్టిగా, వార్డంతా వినబడేలా తిట్టాలి. పొద్దుటి నుంచి అక్తరున్నీసా అల్లాను వేడుకుంటున్నది అదొక్కటే.

విజయవాడలోని ఆ ఆసుపత్రి రక్తక్యాన్సర్ వార్డులో ఎవరిని అడిగినా చెబుతారు. డాక్టర్ సాంబమూర్తి గారు చిరాకుపడితే రోగి నడుచుకుంటూ ఇంటికెళతాడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ‘టీ తాగారా?’ అని అడిగారా, ఇక ఆశ వదులుకోవాల్సిందే. తాను అలా చేస్తున్నట్టు పాపం ఆయనకే తెలియదు.

పక్క మంచం దగ్గర పామర్రు వెంకటరావమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది.

“నిన్న మా ఆయన్ని టీ తాగారా అన్నారమ్మా,” అంది.

అక్తరున్నీసా భర్త అబ్దుల్ రవూఫ్ వన్‌టౌన్‌లో పరుపులు కుడతాడు. జ్వరం తగ్గడం లేదని వస్తే అక్యూట్ లుకేమియా అన్నారు. 2003 మే నెల, ఎండలు మండిపోతున్నాయి. ఎముకలోంచి మూలుగ తీసి హైదరాబాద్ పంపారు. జన్యువుల్లో ఏదో గుర్తు వెతకాలట. మార్కర్ అంటారట. అది మంచిదైతే జబ్బు మందులకు లొంగుతుంది. చెడ్డదైతే తోబుట్టువు మూలుగ ఎక్కించాలి, అదీ సరిపడితేనే.

అందుకే ఇబ్రహీంపట్నం నుంచి రవూఫ్ తమ్ముడు అష్ఫాక్ వచ్చాడు. థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. కిందటి వారమే పరీక్షలకు రక్తం ఇచ్చి వెళ్లాడు.

“సూది గుచ్చిన చోట ఇంకా నల్లగానే ఉందేంటి?” అడిగింది అక్తరున్నీసా.

“ఆ నర్సమ్మ చెయ్యి అలాంటిది భాభీ! నా మూలుగ పడనీ, భాయ్ మళ్లీ బిర్యానీ లాగించేస్తాడు చూడు,” అంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. డ్యూటీలూ ఈ తిరుగుడూ కలిసి మనిషి వాడిపోయాడు.

ఇంతలో బూట్ల చప్పుడు. వార్డులో మాటలు ఆగిపోయాయి.

సాంబమూర్తి గారి చేతిలో రెండు రిపోర్టులున్నాయి. పై రిపోర్టు చూసి, రవూఫ్ వైపు చూశారు. ఆయన చెయ్యి కుర్చీ మీద పడింది. యా అల్లా, వద్దు! కుర్చీ వద్దు!

“ఏమయ్యా రవూఫ్! రాత్రి మాత్రలు దిండు కింద దాచావంట? బుద్ధుందా నీకు? బంగారంలాంటి మార్కర్ వచ్చింది, జబ్బు మందుకు లొంగే రకం. నువ్వు లొంగవేం? ఇంకోసారి దాచావంటే మంచంతో సహా బయటికి గెంటిస్తా!”

వార్డంతా వినబడింది. అక్తరున్నీసా కళ్ల వెంట నీళ్లు జలజలా రాలాయి. అబ్బ, ఎంత కమ్మగా తిట్టారు! రవూఫ్ తలవంచుకుని, ఆ వంచుకున్న తలతోనే నవ్వాడు. అంత దుఃఖంలోనూ వెంకటరావమ్మ ఇటు వచ్చి ఆమె చెయ్యి నొక్కింది.

“అయితే నా మూలుగతో పనిలేదన్నమాట! వస్తా భాయ్, డ్యూటీకి టైమైంది,” అంటూ అష్ఫాక్ గోడ పట్టుకుని లేచాడు.

డాక్టరు గారు పక్క మంచానికి వెళ్లలేదు. రెండో రిపోర్టు మరోసారి చూసుకున్నారు.

తర్వాత ఆ కుర్చీ లాక్కుని అష్ఫాక్ పక్కన కూర్చుంటూ, “టీ తాగారా బాబూ?” అని అడిగారు.