మూడో ఏటి రొట్టెలు

సబీనా సంచులు కడుతోంది. అడుగున రెండు పెద్ద రొట్టెలు. వాటి మీద పావురాల ఆకారంలో కాల్చిన చిన్న రొట్టెలు, మొక్కజొన్నపిండి బిస్కెట్లు. చివర ఒక బొమ్మ రొట్టె. బొమ్మ ముఖం విరక్కుండా నిలువుగా పెట్టి, సంచి మూతికి ఊదారంగు రిబ్బను చుట్టాలి.

"ఇంకాస్త బిగించు," అంది పక్కింటి యులోహియా. "సంచి చూడగానే తెలియాలి, నికనోర్ ఇంట్లో పిసినారితనం లేదని."

"బిగిస్తే బొమ్మ మెడ విరుగుతుంది, వదినా."

నవంబరు రెండో తేదీ ఉదయం. కొచబాంబా లోయలో ఆ రోజు పన్నెండు కొట్టగానే చనిపోయినవాళ్ళు వెళ్ళిపోతారు. అంతవరకూ వాళ్ళ పేరున బల్ల పరిచి ఉంటుంది. వచ్చి ప్రార్థన చెప్పిన ప్రతి మనిషికీ రొట్టెల సంచి ఇవ్వాలి. వాళ్ళు తింటే పోయినవాళ్ళు తిన్నట్టు. ఇలా మూడేళ్ళు. మూడో ఏడు ఆత్మ తృప్తిగా వెళితే ఇక తిరిగి రాదు. విధవ నల్లబట్టలు తీసేయొచ్చు. మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు.

సబీనాకి ఇది మూడో ఏడు. వచ్చే ఆదివారం గుళ్ళో ఆమె పేరూ, రొట్టెల బట్టీ నడిపే సెరాపియో పేరూ కలిపి పెళ్ళి ప్రకటన చదవబోతున్నారు.

"మొదటి మొగుడి ఆత్మకి రెండో మొగుడు రొట్టెలు కాల్చడం నేనెక్కడా చూళ్ళేదే," అంది యులోహియా.

"కాల్చేవాడికి లేని బాధ నీకెందుకు?"

అత్త ఫోర్తునాతా బల్ల పక్కన కూర్చుని ఉంది. ఆమెకి చెవులు ఎప్పుడో పోయాయి. ఈ మధ్య చూపూ పోయింది. కట్టిన సంచులను వేళ్ళతో తడిమి చూస్తోంది. కోడలి పెళ్ళికి ఆమె ఒక్కటే షరతు పెట్టింది.

"ప్రార్థనకి వచ్చిన ఒక్కణ్ణి ఉత్తచేతులతో పంపినా నా కొడుకు ఈ గడప దాటడు. వాడు పోందే పెళ్ళి లేదు."

మూడేళ్ళ కిందట ఒక బస్సు లోయలో పడింది. ఊరికి మేకులు కొట్టేసిన నాలుగు శవపెట్టెలొచ్చాయి. నాలుగోదాని మీద సబీనా మొగుడు నికనోర్ పేరు రాసి ఉంది.

పదకొండున్నరకి వాకిలి ఖాళీ అయింది. జనం సమాధుల వైపు కదిలారు. బట్టీలో ఆఖరి పళ్ళెం ఉందని యులోహియా బుట్ట పట్టుకుని బయల్దేరింది.

అప్పుడొచ్చాడు ఆ మనిషి. గడ్డం, టోపీ, భుజాన ఖాళీ గోనెసంచి. గుమ్మం బయటే ఆగాడు.

"ఇక్కడ బల్ల వేశారన్నారు."

సబీనా అతన్ని కాసేపు చూసింది.

"వేశాం. ఇదే ఆఖరిది."

"లోపలికి రావచ్చా?"

"ప్రార్థన చెప్పేవాళ్ళందరూ వస్తారు. చెప్పి, రొట్టె తీసుకుని పోతారు."

అతను టోపీ తీసి బల్ల ముందు మోకరించాడు. ప్రార్థన మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. సబీనా అందించింది. మళ్ళీ ఆగాడు. మళ్ళీ అందించింది.

"పేరు చెప్పలేదు," అంది.

"ఏం పేరు?"

"నికనోర్ ఆత్మకి శాంతి కలగాలి అనాలి. పేరు లేని ప్రార్థన ఎవరికి చేరుతుంది?"

అతను అన్నాడు.

"గట్టిగా. మూడుసార్లు."

అతను మూడుసార్లు అన్నాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ముసలావిడ వైపు చూశాడు.

"పెద్దావిడకి కళ్ళు..."

"పోయాయి."

"ఎట్లా?"

"ఏడ్చి."

అతను బల్ల మీది సంచుల వైపు తిరిగాడు.

"ఆదివారం ఈ ఇంటి కోడలి పెళ్ళి సంగతి గుళ్ళో చదువుతారట. దారిలో అనుకుంటున్నారు."

"చదువుతారు. వచ్చినవాళ్ళు గొడవ పెట్టకుండా పోతే."

ఆమె ఒక సంచి తీసి అత్త చేతిలో పెట్టింది. వచ్చిన ప్రతివాళ్ళకూ ఫోర్తునాతాయే స్వయంగా అందిస్తోంది. ఆమె చెయ్యి చాచి, తడిమి, అతని అరచేతిలో సంచి ఉంచింది. అందరితో అన్న మాటే అంది.

"తిను నాయనా. నువ్వు తింటే నా కొడుకు కడుపు నిండుతుంది."

అతను ఆ చేతిని ముద్దు పెట్టుకున్నాడు. వదల్లేదు.

"చెయ్యి వదులు," అంది సబీనా. "నీ సంచి నీకు ముట్టింది."

వదిలాడు. ముసలావిడ చెయ్యి గాల్లో అతని ముఖం కోసం వెతికింది. సబీనా ఆ చేతిలో ఇంకో సంచి పెట్టింది.

"ఇది కూడా తీసుకో. బాగా చెప్పావు ప్రార్థన."

అతను రెండు సంచులూ గోనెలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు ఇక్కడ బల్ల ఉండదు. ఈ గుమ్మంలోకి రాకు."

అతను వెళుతుంటే యులోహియా బుట్టతో ఎదురైంది. గడపలోకి రాగానే అడిగింది.

"ఎవడే వాడు? ఎదురుపడ్డా తలెత్తలేదు."

"ప్రార్థనకొచ్చాడు."

"తృప్తిగా పోయాడా?"

"రెండు సంచులిచ్చాను."

గుళ్ళో పన్నెండు కొట్టారు. యులోహియా శిలువ గీసుకుంది. ఆపైన ఆమే సబీనా భుజం తట్టింది.

"ఇంకేం మరి. విప్పెయ్ ఆ నలుపు."

సబీనా నల్ల శాలువా తీసి మడతపెట్టి గుమ్మంలోకి వెళ్ళి చూసేసరికి, ఆ బస్సు ఎక్కకుండా ఎక్కడికో పోయి మూడేళ్ళకి తిరిగొచ్చిన ఆమె మొగుడు, సంచిలోంచి ఒక రొట్టె తీసి కొరుక్కుంటూ వీధి మలుపు తిరుగుతున్నాడు.