మండుతోందా?

"మండుతోందా?"

"అబ్బా! మండుతోందే. కాస్త మెల్లగా రాయి."

ఆమె ముఖం విప్పారింది. బేకరీలో పనిచేసే ఆమె భర్త ఆస్పత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి మాత్రం ఇవతల తలగడ మీద ఉంది, ఎవరిదో అన్నట్టు. బట్టీలోంచి తీసిన ఇనుప రేకు జారి మీద పడిన రోజు నుంచీ అతను ఆ చేతికేసి చూడలేదు. ఏడవనూ లేదు.

"పైచర్మం మానింది కాబట్టి నూనె రాసుకోండి, కాదనను" అని అంతకుముందే చెప్పాడు డాక్టరు. "కానీ మంటో నొప్పో తెలియాలమ్మా. సోమవారం సూదితో గుచ్చి చూస్తాను. తెలియకపోతే రెండు వేళ్లు తీసెయ్యాలి."

రెండు వేళ్లు పోయిన చేత్తో పిండి పిసకడం కల్ల. పాతికేళ్లుగా అతనికి వచ్చిన పని అదొక్కటే.

ఆ రోజు నుంచి ఆమె స్టూలు ఈడ్చుకుని కూర్చుని, పూటపూటకీ పొన్నగింజల నూనె రాస్తోంది. మొదటి మూడు రోజులూ అతను "ఏమీ తెలియట్లేదే" అన్నాడు. ఆ మూడు రోజులూ ఆమె అన్నం ముట్టలేదు. నాలుగో రోజు మండుతోందన్నాడు.

"పుండు మీద కారం చల్లినట్టుందే!"

"ఇంకా చల్లుతా!" అని ఆమె నర్సువైపు తిరిగింది. "మొగుడు మండుతోందంటే సంబరపడే పెళ్లాన్ని లోకంలో నేనొక్కదాన్నేనేమో."

"మంట తెలిసిందంటే మంచిదేగా అక్కా" అంది నర్సు.

ఆ పూట ఆమె కడుపునిండా తింది. వార్డంతా తిరిగి కనిపించినవాళ్లందరికీ నూనె మహిమ చెప్పింది.

ఆదివారం సాయంత్రం స్టూలు కిర్రుమంది.

"రేపు డాక్టరు సూది గుచ్చగానే వార్డు అదిరిపోయేలా అరవాలి మీరు. సిగ్గుపడకండి."

"అలాగేలే."

ఆమె నూనె సీసా ఒళ్లో పెట్టుకుంది. అతను గోడమీద పెచ్చులూడిన సున్నాన్ని చూస్తూ ఉన్నాడు. కాసేపటికి భుజం ముడుచుకున్నాడు.

"అబ్బా! మండుతోందే. కాస్త మెల్లగా రాయి."

ఆమె ఇంకా సీసా మూతే తియ్యలేదు.